ట్రేలో వరసలు

బేరింగుల ఫ్యాక్టరీ, తనిఖీ గది. పొద్దున్న షిఫ్టు. ఇరవై ఏళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న ఆవిడ, నిన్ననే చేరిన అమ్మాయి.

"ట్రే అంత గట్టిగా ఊపకు. ఉక్కు బాల్స్ ఎగిరిపోతాయి."

"ఊపితేనే కదక్కా సర్దుకునేది?"

"మెల్లగా. జల్లెడ పట్టినట్టు... ఆ, అలా. ఇప్పుడు చూడు."

"అరె. వరసలు కట్టేశాయి. ఒక్కోదాని చుట్టూ ఆరేసి. ఎవరు పేర్చారక్కా?"

"ఎవరూ పేర్చరు. ప్రతి బాలూ పల్లం చూసుకుని జారుతుంది, పక్కదానికి ఆనుకుంటుంది. అంతే. వరస సంగతి దేనికీ తెలీదు."

"అసలు ఊపకపోతే?"

"పోసినచోటే గుట్టగా పడుంటాయి. కాస్త కదలాలి. మరీ కదిలిస్తే కట్టినదీ చెదిరిపోతుంది. ఇదిగో, ఇక్కడ వరస వంకర పోయింది, కనిపించిందా?"

"ఎక్కడ... ఆ, కనిపించింది."

"మధ్యలో ఉన్నది వెంట్రుకవాసి పెద్దది. దాన్ని తీసి ఎర్ర డబ్బాలో వెయ్యి. మన పనంతా ఇదే."

"తీస్తే అక్కడ ఖాళీ వచ్చిందక్కా."

"ఊపుతూ ఉండు. పక్కది అందులోకి వస్తుంది, దాని చోటు ఖాళీ అవుతుంది. అలా అలా అంచుకి పోతుంది."

"అంటే పూడదా?"

"పూడదు. అంచుకి చేరుతుంది."

"అక్కా, మీ కళ్లేంటి అలా ఉన్నాయి?"

"నిద్ర లేదు. ట్రే చూడు."

"బావగారు ఆసుపత్రిలో ఉన్నారట కదా. క్యాంటీన్‌లో అన్నారు."

"ఆ. పదకొండు రోజులు."

"మరి ఆయన దగ్గర ఉండక, పనికొచ్చారేంటి?"

"అక్కడ బెంచీ మీద కూర్చుని ఏం చెయ్యను? ఇక్కడైతే చేతికి పని."

"ఇప్పుడెలా ఉంది ఆయనకి?"

"నొప్పి లేదు."

"పోన్లెండి. ఇంటికెప్పుడు పంపిస్తారట?"

"ఇవాళే. రెండింటికి వచ్చి తీసుకెళ్లమన్నారు. సూపర్‌వైజర్‌కి చెప్పాను, ఒంటిగంటకి బయల్దేరతాను."

"హమ్మయ్య. మరి ముందే చెప్పరేం? ఇన్నాళ్ల తర్వాత ఇంటికొస్తున్నారు, రేపు కూడా సెలవు పెట్టి దగ్గరుండండక్కా. ఈ ట్రేలు నేను చూసుకుంటాలెండి."

"ఎక్కువసేపు ఉంచుకోలేమమ్మా. పొద్దున్న ఐదింటికే పోయారు."