మోచేతి పైన ఎరుపు

కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేస్తున్న మొగుడి ముందు ఆమె కుడిచెయ్యి చాపింది. నూలు కట్ట విప్పుతూ కత్తితో కోసుకున్న వేలు ఉబ్బి, చీము పట్టింది.

“జర చూడయ్యా. ఎరుపు పైకి పాకుతాంది.”

“రంగే అది. పొద్దంత ఎర్రరంగుల నూలు ముంచితివి, ఎర్రగ కాకపోతె ఎట్లుంటది?”

“సబ్బు పెట్టి రుద్దిన. పోతలేదు.”

“గట్టిరంగు అంత జల్ది పోతదా? జర పసుపు వెట్టు.”

“నిన్ననే పెట్టిన. రాత్రి చలిజ్వరం గూడ వచ్చింది.”

“దవాఖానకు పోతే పనంత ఆగుతది. రేపు చూద్దాం.”

ఆమె రవిక చెయ్యి పైకి లాగింది.

“నేను ముంచేది మోచేతి దాకనే. మరి సంక దాక ఎక్కిన ఈ గీత ఏం రంగు?”

మగ్గం ఆగింది.

“ముందుగాలనే చెప్పకపోతివి?”

“చెప్తనే ఉన్న. జంపఖానాల ఎర్రరంగు పక్క పోగుకు జరంత పారితే దూరంనుంచే పట్టుకుంటవు. నా ఒంట్ల పారితే నీకు కనవడకపాయె.”

అతను అంగీ తొడుక్కుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“పా, దవాఖానకు పోదాం. పొయ్యి మీద రంగు చల్లారుతది, ఆ మిగిలిన నూలు ఎడమచేత్తోనన్న ముంచి రా.”