బడి మీద ఎర్ర గుండీ

"ఆ బడి పిల్లలకు దగ్గు పట్టుకుంటుందే. నా మనసు కీడు శంకిస్తోంది."

"ఇంకా పునాదే పడలేదమ్మా. నీకప్పుడే దగ్గు వినిపిస్తోందా?"

కూతురు భోజనాల బల్ల మీద పరిచిన కొత్త కాలనీ పటం రేపు పై అధికారి సంతకానికి వెళ్ళాలి. మనవరాలు చిట్టి గౌనుకు గుండీ కుట్టబోతూ తల్లి దాన్నే చూస్తోంది.

"బస్సుల డిపో గోడకు ఆనించి గీశావు కదే. పొద్దస్తమానం పొగ."

"బస్సు దిగితే బడి, పిల్లలకు నడక తప్పుతుందని గీశాను. నడిస్తే కాళ్ళనొప్పులంటావు, నడవకపోతే పొగంటావు. నిన్ను మా ఆఫీసులో వేసుకుంటే ఊళ్ళో ఒక్క ఇల్లూ లేవదు."

"లేవకపోతే పోయె. ఇదిగో, ఇది మన చిట్టి." తల్లి ఎర్ర గుండీని పటంలో బడి మీద పెట్టింది.

"చిట్టి మరీ గుండ్రంగా ఉందే."

"వేళాకోళం తర్వాత. ఉబ్బసం పిల్ల. దాన్ని అక్కడ కూర్చోబెడతావా?"

కూతురి నవ్వు సగంలో ఆగింది. గుండీని వేలితో డిపోకు దూరంగా ఉన్న పార్కు దాకా మెల్లగా జరిపింది, మళ్ళీ వెనక్కి తెచ్చింది. తల్లి సూదిలో దారం ఎక్కించి, ముడి వేసి, ఎదురుచూసింది.

"కూర్చోబెట్టనమ్మా," అంది చివరికి. "ఆ రబ్బరు ఇటివ్వు. పార్కు పక్కకు మారుస్తాను. నడక ఎక్కువైందని మాత్రం సణగకు."