వీధి మలుపులో హారన్

ఏమన్నావ్? "నాకు డ్యూటీ ఉంది, నా కోసం ఆగకండి అత్తయ్యా, రేపు పిల్లలకి వేళకి పెట్టేసి పండగ కానిచ్చేయండి" అనా? సరేలే, ముందు ఆ ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి ఇలా వచ్చి కూర్చో. తెల్లకోటు ఎక్కడికీ పారిపోదు. నర్సమ్మ కోటుకి మడత ఉందని జ్వరం తగ్గనని మొండికేస్తుందా ఏమన్నా? ఇదిగో, ఈ సూదిలోకి దారం ఎక్కించి పెట్టు, నా కళ్ళకి ఆ బెజ్జం కనపడి చాలా కాలమైంది. చిన్నాడి కొత్త చొక్కాకి గుండీలు బిగిస్తూ చెప్తాను, విను. నువ్విప్పుడు అన్న మాట ఉందే, అచ్చం అదే మాట మా చిన్నాన్న అన్నాడు ఒకప్పుడు. ఏ చిన్నాన్న అంటావేమో. హాల్లో పాత ఫోటోలో మా నాన్న పక్కన ఒకాయన మసగ్గా ఉంటాడు చూడు. కదలొద్దన్నా నవ్వు ఆగక కదిలిపోయాడు, అలా పడ్డాడు. ఆయన. బస్సు డ్రైవరు.

పాఠం చెప్తోంది ముసల్ది అనుకోకు, కానీ ఒకటి అడుగుతా. పండగంటే ఏమిటి? అందరూ ఇళ్ళకి చేరడం. మరి అందరూ చేరాలంటే వాళ్ళని చేర్చేవాడొకడు ఉండాలా వద్దా? ఆ ఒకడు మా చిన్నాన్న. పండగ పూట బస్సు కిటకిటలాడిపోయేదట. మూటలు, పెట్టెలు, చంకల్లో పిల్లలు, కిటికీల్లోంచి తువ్వాళ్ళేసి సీట్లు పట్టుకునేవాళ్ళు. వాళ్ళందర్నీ ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళని దింపి, మర్నాడు మధ్యాహ్నానికి ఖాళీ బస్సు తోలుకుని వచ్చేవాడు. మా సందులోకి బస్సు పట్టదు. షెడ్డుకి పోతూ వీధి మలుపులో ఒక్క క్షణం ఆపి హారన్ కొట్టేవాడు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. అంతే, మేం పిల్లలందరం ఎక్కడున్నవాళ్ళం అక్కణ్ణుంచి లగెత్తేవాళ్ళం. మా అత్తల పిల్లలు, మేనమామ కొడుకులు, ఇంటినిండా పిల్లలే కదా ఆ రోజుల్లో. కండక్టరు తలుపు తీసి, "గురూ, దిగింది నీ సైన్యం. ఒక్కడి దగ్గరా టికెట్టు లేదు!" అనేవాడు. మలుపు నుంచి షెడ్డు దాకా బస్సంతా మాదే. ఎంత దూరం గనక, చిటికె వేసేంత. అయినా కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. ఇప్పటికీ నాకు ఆ సీటు రెగ్జిను వాసన... ఆఁ, ఎక్కడున్నాను?

ఆఁ, మా నానమ్మ. మా నానమ్మ చట్టం ఒకటి ఉండేది. ఆ హారన్ మోగేదాకా అటక మీది మిఠాయి డబ్బా కిందికి దిగదు, కొత్తబట్టల పెట్టె తాళం తీయదు. లోకమంతా ఒకరోజు పండగ చేసుకుంటే మా ఇంట్లో మర్నాడు. అసలు పండగ రోజు మా ఇల్లు చూడాలి నువ్వు. వీధంతా కళకళలాడుతుంటే మేం మాసిన గౌన్లలో మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే కొత్తబట్టల్ని లెక్క కట్టేవాళ్ళం. నానమ్మ ఏమీ పట్టనట్టు చేట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరేది. ఎదురింటావిడ ఊరుకోదుగా, "ఏం పిన్నిగారూ, మీకు పండగ లేదా?" అని దీర్ఘం తీసేది. "ఎందుకు లేదమ్మా, దారిలో ఉంది, వస్తోంది" అనేది నానమ్మ, తల ఎత్తకుండా. బళ్ళో మా పంతులమ్మ పండగ ఎప్పుడర్రా అంటే నేను లేచి, "మా చిన్నాన్న వచ్చిన రోజండీ" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఇందులో నవ్వడానికేముందో నాకు అర్థం కాలేదు. నేను టీచరయ్యాక, పిల్లలు తిక్క జవాబు చెప్తే ఇంటూ కొట్టేముందు, ఎందుకలా అన్నావురా అని అడిగేదాన్ని. అది వేరే కథ.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, చిన్నాన్నకి ఈ సంగతి తెలియదు! "పిల్లలు నిన్న చేసుకున్నార్రా, ఇవాళ నీతో మళ్ళీ" అని నానమ్మ నమ్మించింది. ఆయన అడిగితే నిన్నా తిన్నామని చెప్పాలని మాకు ముందే నూరిపోసేది. మా చిన్న తమ్ముడు, బుడంకాయ అనేవాళ్ళం, గుండ్రంగా ఉండేవాడు, వాడోసారి, "నిన్నా తిన్నాం చిన్నాన్నా, ఉట్టి అన్నం!" అనేశాడు. నేను తొడపాశం పెడితే కెవ్వుమన్నాడు. చిన్నాన్న నవ్వేసి వాణ్ణి భుజాన వేసుకున్నాడు. ఆ గండం అలా గడిచింది.

ఎంతకాలం దాగుతుంది చెప్పు? ఒక ఏడాది ఎవరో పెళ్ళికాని కుర్ర డ్రైవరు, "ఈసారి నీ బండి నేను తోల్తానన్నా, నువ్వు ఇంటికి పో" అన్నాట్ట. చెప్పాపెట్టకుండా సరిగ్గా పండగ పొద్దున దిగాడు మా చిన్నాన్న. తలకి నూనె, కొత్త చొక్కా, చేతిలో పిల్లలకి కాగితం గాలిమరలు. ఇంట్లో ఏముంది? అమ్మ చీర ఎగ్గట్టి అంట్లు తోముతోంది. నాన్న చిరుగుల బనీనుతో కుర్చీకాలుకి మేకు కొడుతున్నాడు. మేం మట్టిలో దొర్లుతున్నాం. చిన్నాన్న గుమ్మంలోనే నిలబడిపోయి, "ఏమైందమ్మా? ఎవరికైనా ఏమన్నా అయిందా?" అన్నాడు. నానమ్మ చేట ఒళ్ళోకి లాక్కుంది. బుడంకాయ మాత్రం చీపురుపుల్ల పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వేంటి ఇవాళ వచ్చావ్? పండగ రేపు కదా! వెళ్ళు, రేపు రా!"

చిన్నాన్నకి అర్థమయ్యేసరికి కాసేపు పట్టింది. గాలిమరలు పక్కన పెట్టి మెట్టు మీద కూలబడ్డాడు. "అంటే... ఇన్నేళ్ళుగానా? ఊరి పిల్లలందర్నీ పండగకి చేర్చాననుకుంటూ, నా ఇంటి పిల్లల్నే ఇలా కూర్చోబెట్టానా అమ్మా?" నానమ్మ చేట కింద పెట్టి, "ఏం, వాళ్ళు నీ కళ్ళకి ఎండిపోయినట్టున్నారా?" అంది. "ఇకనుంచి నా కోసం ఆగకండి. ఆగారంటే ఈ గడప తొక్కను" అన్నాడు. ఇదిగో, ఇందాక నువ్వన్న మాట. ఎప్పుడూ నవ్వేవాడు అంత మాట అనేసరికి ఇల్లంతా బిక్కచచ్చిపోయింది. అమ్మ చేతులు కడుక్కుని, ఇప్పుడే వండేస్తానంటూ పొయ్యి దగ్గరికి ఉరికింది. నాన్న అటక ఎక్కబోయాడు. బుడంకాయ అందుకున్నాడు ఏడుపు. డబ్బా దించొద్దట, హారన్ మోగలేదట, ఇది పండగ కాదట. అయినా దించి, మిఠాయి నోట్లో పెడితే ఉమ్మేశాడు. ఆ వయసు పిల్లాడు మిఠాయి ఉమ్మేయడం, నేను ఇన్నేళ్ళు పిల్లల మధ్య బతికాను, మళ్ళీ చూడలేదు.

చిన్నాన్న వాడి వంక అలా చూస్తూ చూస్తూ లేచాడు. కొత్త చొక్కా విప్పి మడతపెట్టి నానమ్మ ఒళ్ళో పెట్టాడు. కొక్కానికున్న ఖాకీ చొక్కా తొడుక్కుని, "రేపు వస్తాలేరా" అని షెడ్డుకి వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం మలుపులో మోగింది. మోగడమంటే, బస్సేదీ? ఆయన బస్సు ఆ కుర్రాడి దగ్గర ఇంకా దారిలోనే ఉంది. బుగ్గలు పూరించి, రెండు చేతులూ దొప్పలా నోటికి పెట్టుకుని, పాం! పాం! పా...ఁ! మా అందరికీ తెలుసు అది నోరని. అయినా పరిగెత్తాం. ఎదురింటావిడ కూడా బయటికొచ్చి చూసింది. ఆయన నడుం పట్టుకుని ఒకరి వెనక ఒకరం వరసగా, బస్సులాగే, ఇంటికొచ్చాం. కొత్త చొక్కా అప్పుడు వేసుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ ఆగకండి అనలేదు. "వస్తాను" అనేవాడు, అంతే.

ఎలా పోయాడని అడక్కు. జ్వరం. నువ్వు పనిచేసేలాంటి ఆసుపత్రి అప్పుడు మాకు దగ్గర్లో ఉండుంటే... పోనీలే. ఆ ఏడాది పండగొచ్చింది. ఆ రోజు ఎప్పట్లాగే గడిచింది. సాయంత్రం అమ్మ, "రేపు వండనా అత్తయ్యా?" అని మెల్లిగా అడిగింది. నానమ్మ, "వండు" అంది. మర్నాడు వండింది. వంట చల్లారిపోతోంది. డబ్బా అటక మీదే ఉంది, పెట్టెకి తాళం అలాగే ఉంది. నానమ్మ చట్టం మారలేదు కదా, మరి ఎవరు దించుతారు? మేం మెట్ల మీద కూర్చున్నాం. మధ్యాహ్నం వీధి చివర బస్సు వచ్చింది, ఎవరో తోలుతున్నారు. బుడంకాయ సగం లేచాడు. బస్సు ఆగలేదు, మోగలేదు, షెడ్డుకి వెళ్ళిపోయింది. వాడు అలా సగం లేచినవాడు లేచినట్టే ఉండిపోయాడు. నానమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు మా నాన్న లేచాడు. కోర్టు గుమాస్తా మా నాన్న. గట్టిగా దగ్గడానిక్కూడా మొహమాటపడే మనిషి, మాతో ఎప్పుడూ ఆడినవాడు కాదు. చెప్పులు వేసుకుని, ఎటో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. కాసేపటికి మలుపులోంచి ఒక చప్పుడు. మేకపిల్ల గొంతు నొక్కినట్టు, సన్నగా, వణుకుతూ. రెండు పొట్టివి. పొడుగుది సగంలో విరిగిపోయింది. ఒక్కరమూ నవ్వలేదు. బుడంకాయ నా మొహం చూశాడు. నానమ్మ గోడవైపు తిరిగే ఉంది, తిరిగే, "ఊఁ, ఇంకా కూర్చున్నారేంటర్రా? పరిగెత్తండి" అంది...

...ఇదిగో, చివరి గుండీ కూడా అయిపోయింది. ఈ దారం కాస్త నువ్వు కొరుకు, నావి కట్టుడు పళ్ళు. అది కాదమ్మాయ్, ఎల్లుండి పొద్దున్నేగా నీ డ్యూటీ దిగేది? నీ స్కూటరు హారన్ ఇంకా మూగదేనా? లే, లే, మెకానిక్ కొట్టు కట్టేస్తాడు.