ఎవరూ మాట్లాడని కాల్‌కి బిల్లు

హలో… ఆఁ, నేనేనండీ, ఆ పేరు నాదే. కాస్త మెల్లగా మాట్లాడండి, పాప ఇప్పుడే పడుకుంది.

లేదు, లేదు, నాకు బాగానే వినపడుతోంది. పాపకి కూడా వినపడుతోంది, అదే బాధ.

ఎక్కణ్ణుంచి?… బకాయిల వసూలు. అంటే ఫోన్ కంపెనీవాళ్లేనా?… వాళ్లు కాదు, వాళ్ల తరఫున. ఓహో. వాళ్లు అడిగి అడిగి విసిగిపోయి మీకు అప్పజెప్పారన్నమాట.

పుట్టినతేదీయా? నాదా, పాపదా?… నాదే. పాపదైతే టక్కున చెప్పేదాన్ని. నాది బళ్లో ఒకటి రాశారు, మా అమ్మ ఇంకోటి చెబుతుంది. మీ దగ్గరున్నది ఏది?… చెప్పకూడదా. అయితే బడిదే రాసుకోండి, మార్చి నాలుగు… సరిపోయిందా? హమ్మయ్య, ఒక్కటైనా సరిపోయింది.

నోటీసులా? అందాయండీ, మూడూ అందాయి… చదివాను. కూడబలుక్కుని చదివాను. ఎనిమిదో తరగతి మధ్యలో మానేశాను నేను. మీ కాగితాలేమో ప్లీడర్లకి రాసినట్టుంటాయి… అయ్యో, పారెయ్యలేదు. భద్రంగా ఉన్నాయి. ఉయ్యాల తొట్టి కింద.

కింద అంటే, కోడు కిందండీ, తొట్టి కాలు కింద. మా గది నేల ఎగుడుదిగుడు. ఊపినప్పుడల్లా కిర్రుమనేది. మొదటి నోటీసు మడిచి పెడితే కాస్త తగ్గింది. మూడోదానికి పూర్తిగా ఆగింది. మంచి దళసరి కాగితం.

వెటకారం కాదు అన్నయ్యా… అనకూడదా? రికార్డవుతుందా. సరే. వెటకారం కాదు సార్.

ఎందుకు కట్టలేదంటే… బిల్లు చూసి పక్కింటివాళ్లది మాకు వచ్చిందనుకున్నాను… అవును, రోజుకి ఏడు గంటలు. అవును, రోజూ ఆ ఒక్క నంబరుకే… ఆ నంబరు కూడా నాదే… కాదండీ, నాతో నేనే ఎందుకు మాట్లాడుకుంటాను! అసలెవరూ మాట్లాడలేదు. అదే కదా నేను చెప్పేది. ఒక్క మాట మాట్లాడుంటే నోరుమూసుకుని కట్టేదాన్ని.

చెబుతాను, వినండి. మేముండేది మూడో అంతస్తు. కింద చొక్కాలు కుట్టే కార్ఖానా. అందులో నేను కాజాలు కుడతాను, గుండీలు పట్టే కాజాలు. చొక్కాకి ఏడు. అక్కడికి పిల్లని తేనివ్వరు… మా ఆయన లారీ మీద ఉంటారు, ఆదివారానికొస్తారు… అత్తగారు ఆడపడుచు పురుటికెళ్లారు. అందుకని ఈ ఫోన్‌లోంచి నా చిన్న ఫోన్‌కి కాల్ చేసి, దీన్ని పాప తలదగ్గర పెట్టేస్తాను. చిన్నది నడుం దగ్గర దోపుకుని, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని కిందికి పోతాను. చేతులు కాజాల మీద, చెవి ఇక్కడ. పాప కదిలిందంటే నలభై ఎనిమిది మెట్లూ ఎక్కి వచ్చేస్తాను.

ఒంటరిగా ఎక్కడొదిలేశాను? ఫోనుందిగా.

…

అనండి, పర్లేదు. పక్కింటావిడ కూడా అంది.

నా రెండు ఫోన్ల మధ్య డబ్బేంటి అనుకున్నాను. వంటింట్లోంచి ముందుగదిలోకి కేకేస్తే డబ్బు తీసుకుంటారా ఎవరైనా?… ఫోన్‌లో అయితే తీసుకుంటారు. తెలిసిందిలెండి ఇప్పుడు.

ఏడిస్తే వినపడదా అంటారా? ఏడుపుకి ఫోనెందుకండీ, కిటికీ తీసి పెడితే వీధి చివరికి వినపడుతుంది దాని గొంతు. నేను వినేది ఏడుపు కాదు.

ఊపిరి.

…

ఊపిరండీ. నెలలు నిండకుండా పుట్టింది. రెండో నెలలో పాలు పొరబోయి… పెదాలు నీలంగా అయిపోయాయి. అప్పుడు ఏడవలేదు. కుయ్యిమనలేదు. నేను పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టుకుంటున్నాను. చప్పుడు లేదు కదా, హాయిగా పడుకుంది అనుకున్నాను.

…

ఆఁ, ఇప్పుడు బానే ఉంది. ఏడో నెల. డాక్టరమ్మ ఏ భయమూ లేదంది. లేదని నాకూ తెలుసు. తెలిసినా వింటాను.

మీరు బిల్లులో మూడొందల ముప్పై ఆరు గంటలని వేశారే, రెండు నెలలదీ కలిపి, అదంతా ఊపిరే… మీ కాగితంలో ఆ గడి లేదా? 'ఇతరములు' అని ఉంటుంది కదా, అందులో రాసుకోండి.

వాదించడం లేదు సార్. అప్పు అప్పే. కానీ నిన్నట్నుంచి దీన్లోంచి కాల్ పోవడం లేదు… మీరే ఆపించారా. వచ్చేవి మాత్రం వస్తున్నాయి, మీరొచ్చారుగా. చిన్నదాన్లో చూస్తే పైసా లేదు. నిన్నంతా పది నిమిషాలకోసారి ఎక్కి దిగాను. సాయంత్రం కార్ఖానా మాస్టారు పిలిచి, "ఏమ్మా, నీకు కాజాలు కావాలా, మెట్లు కావాలా?" అన్నారు. ఇవాళ సాయంత్రానికి ఎనభై చొక్కాలు అప్పజెప్పాలి. లేకపోతే రేపట్నుంచి నా చోట్లో ఇంకొకావిడ కూర్చుంటుంది. అప్పుడిక మీరు రోజూ ఫోన్ చేసినా ఒకటే, చెయ్యకపోయినా ఒకటే. బంగారు గుడ్డు కాదు గానీ, పెట్టే కోడినే కోస్తున్నారు మీరు.

శనివారం కూలి అందుతుంది. సగం కడతాను. మిగతా సగం వచ్చే నెల. లైన్ మాత్రం ఇవాళే ఇప్పించండి… నమ్మకమేంటంటే ఏం చెప్పను? నా కుట్టు చూసి మాస్టారు నమ్ముతారు. మీకు ఫోన్‌లో కుట్టి చూపించలేను.

ఏంటీ?… రోజంతా ఎంతసేపు పెట్టుకున్నా నెలకి ఒకటే రేటా? అలాంటిదొకటుందా? మరి ముందే ఎవరూ చెప్పలేదేం?

రెండో నోటీసు వెనకాల రాసుందా.

…

వెనకాల చూడలేదండీ. అది తొట్టి కింద ఉంది.

నవ్వండి, పర్లేదు. కాస్త మెల్లగా నవ్వండి.

ఆఁ, అదే పెట్టించండి. శనివారం సగం, ఆ కొత్త రేటు, ఇవాళే లైన్. సరేనా?… మీ పైఆయన్ని అడగాలా. అడగండి… లైన్‌లోనే ఉండాలా? ఎంతసేపు?… పావుగంటా! కట్ చేస్తే మళ్లీ మొదట్నుంచా? పుట్టినతేదీతో సహా?

ఉండండుండండి… వస్తున్నా మాస్టారూ! వస్తున్నా! అదిగో, మెట్ల దగ్గర్నుంచి కేకేస్తున్నారు.

సార్, ఒక పని చేద్దాం. మీ దగ్గర ఇంకో ఫోనుందా?… బల్ల మీద రెండున్నాయా. మంచిది. నా చిన్న ఫోన్ నంబరు మీ కళ్ల ముందే ఉంది, మూడొందల ముప్పై ఆరు గంటల పక్కన. నేను దీన్ని పాప దగ్గర పెట్టి కిందికి పోతాను. మీ పైఆయన సరేనన్నా దానికే చేయండి, పాప లేచినా దానికే చేయండి… పని కాదు సార్ ఇది, ఎలాగూ లైన్‌లో ఉంటారుగా. ఖర్చు కూడా నాది కాదు, కాల్ చేసింది మీరే.

వెయిటింగ్ పాట పెట్టకండి, లేస్తుంది. ఆయన్నే మీ కుర్చీ దగ్గరికి రమ్మనండి.

ఉఁ ఉఁ అంటే పట్టించుకోకండి, కలొచ్చినట్టు. దగ్గితే ఒకసారి చేయండి, వచ్చేస్తాను. ఏడిస్తే అసలు భయమే లేదు. ఏమీ వినపడకపోతే… పది లెక్కపెట్టండి. మీకు లెక్కలు బాగా వచ్చుగా. పదయ్యేసరికి వినపడుతుంది. ఎప్పుడూ వినపడుతుంది. వినపడకపోతే మాత్రం పదకొండు అనకండి.

రికార్డవుతోందంటారా? అవనివ్వండి. మీ పైఆయనకి కూడా వినిపించండి.

ఇదిగో, పెడుతున్నాను… వినపడుతోందా?

…

ఇంకాస్త దగ్గరికి జరుపుతాను… ఇప్పుడు?

…

ఆఁ. అదేనండీ. రోజుకి ఏడు గంటలు, అదే.

పడుకో, చిట్టితల్లీ, పడుకో. మామయ్య లైన్‌లో ఉన్నాడు.