పెద్దక్క సీరియల్

వారపత్రిక ఆఫీసులో ఎడిటర్ గది. బల్లకు అటు ఆయన, ఇటు సీరియల్ రాసే ఆవిడ.

“అందుకే ఇది అచ్చు వెయ్యనంటున్నాను.”

“చదవకుండానే?”

“చివరి పేజీ చదివాను. తల్లీ కూతురూ కలుసుకున్నారు. కింద ‘సమాప్తం’ అని రాసి, గీత కూడా గీశారు.”

“కథ అయిపోతే అదే రాస్తారు కద సార్.”

“అయిపోయిందని ఎవరు చెప్పారమ్మా? బొమ్మలాయన వచ్చేవారం బొమ్మ వేసిచ్చేశాడు. ఇదిగో. రైలు కదిలిపోతోంది. కిటికీలో కూతురు. ప్లాట్‌ఫారం మీద తల్లి పరిగెడుతోంది.”

“మళ్ళీనా? పోయిన నెలే కదా పరిగెత్తింది.”

“అది బస్సు.”

“ఆవిడకి మోకాళ్ల నొప్పులని మొదట్లోనే రాశాం సార్. ఎన్నిసార్లు పరిగెత్తిస్తాం?”

“పాఠకులకి మోకాళ్లు గుర్తుండవు. కన్నీళ్లు గుర్తుంటాయి.”

“నాకు గుర్తున్నాయి. కళ్లు మూస్తే ఆవిడే, ఎవరినో అందుకోబోతూ. ఇంకొక్కసారి వాళ్లని విడదీస్తే నాకు పాపం చుట్టుకుంటుంది.”

“కాగితం మీద మనుషులకి పాపమేమిటి? కూర్చోండి ముందు.”

“కూర్చోను. కూర్చుంటే మీరు ఒప్పించేస్తారు. ఎప్పుడూ అంతే.”

“సరే, నిలబడే చెప్పండి. అసలు సంగతేమిటి?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఈ సమాప్తం ఎందుకొచ్చింది?”

“నా నవల తిరిగొచ్చింది.”

“ఏ నవల?”

“నా పేరుతో రాసుకున్నది. ఇంట్లో వాళ్లు లేవకముందు లేచి, మీ సీరియల్ ముట్టుకోకముందు రాసుకున్నది. పబ్లిషరు మర్యాదగానే మాట్లాడాడు. బాగానే ఉందట. కానీ వారపత్రికలో సీరియల్ రాసే పెద్దక్క గారిని మక్కికి మక్కి దింపేశానట. ఇంకొకరి నీడలో ఎన్నాళ్లుంటారమ్మా, మీ గొంతు మీరు వెతుక్కోండి అని చేతిలో పెట్టి పంపించాడు.”

“మీరే పెద్దక్క అని తెలియక...”

“నవ్వొస్తే నవ్వండి సార్, మూతి బిగించకండి. మా అమ్మా అంతే. నేనిక్కడ ప్రూఫులు దిద్దుతానని ఆవిడతో చెప్పాను. ప్రతి వారం సీరియల్ చదివి కళ్లొత్తుకుని, ‘రాస్తే పెద్దక్కలా రాయాలే. నువ్వూ ఉన్నావు, రాస్తూనే ఉంటావు’ అంటుంది.”

“ఇంట్లో కూడా చెప్పలేదా?”

“చెప్పకూడదని మీరే కదా సంతకం పెట్టించుకున్నారు.”

“అది అందరికీ ఉన్న నియమమే.”

“అందరూ ఎవరు? ఉన్నది నేనొక్కదాన్నే.”

“మాటవరసకి అన్నాను.”

“పోనీ ఒక్క సాయం చెయ్యండి. ఆ పబ్లిషరుకి ఫోను చేసి, పెద్దక్క ఈవిడే అని చెప్పండి.”

“చెప్తే పెద్దక్క ఆ రోజే పోతుంది. నెరిసిన జుట్టుతో, కిటికీ పక్కన కూర్చుని ఆవిడ రాస్తుందనుకుంటున్నారమ్మా పాఠకులు. మొగుడితో పోట్లాడినవాళ్లు ఆవిడని సలహా అడుగుతున్నారు. చలికాలమని ఒకాయన ఆవిడకి శాలువా తెచ్చిచ్చి వెళ్లాడు.”

“నాకివ్వలేదే?”

“మా ఆవిడ కప్పుకుంటోంది.”

“బాగుంది.”

“నా అవస్థ చూడండి. ఆపితే పాఠకులకి కోపం, ఆపకపోతే మీకు కోపం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.”

“ఇందులో కప్ప ఎవరో నాకు తెలుసు. మానేస్తాను సార్.”

“మానేసి?”

“నా గొంతుతో రాసుకుంటాను.”

“కోపం తెచ్చుకోకండి. ఒక్క వాక్యం చెప్పండి, పెద్దక్క రాయనిది.”

“ఇప్పటికిప్పుడా?”

“ఒక్కటే.”

“ఉండండి. ‘ఆ రోజు ఇంట్లో...’ కాదు. ‘గుమ్మం దాటబోతూ ఆమె...’”

“వెనక్కి తిరిగి చూసింది.”

“మీకెలా తెలుసు?”

“పెద్దక్క కథలో గుమ్మం దాటేవాళ్లంతా వెనక్కి తిరిగే చూస్తారు.”

“మీరు దిద్దీ దిద్దీ నన్నిలా చేశారు.”

“దిద్దింది తక్కువే. మీకు తొందరగా పట్టుబడింది. నాకు చాలా కాలం పట్టింది.”

“మీకేమిటి పట్టుబడింది?”

“ఏదో అన్నాలెండి.”

“ఏమిటి సార్?”

“పెద్దక్క.”

“మీరా?”

“మీసాలున్న పెద్దక్కని. మీరు రాకముందు ఆవిడ కథల్లో తల్లుల్ని వంతెనల మీద, ఆస్పత్రి మెట్ల మీద పరిగెత్తించింది నేనే. నేనూ సొంతంగా ఒక నవల రాశాను. నాకూ అదే మాట చెప్పి పంపించారు.”

“మరి ఎలా బయటపడ్డారు?”

“బయటపడ్డానని ఎవరన్నారు? బల్లకి ఇటువైపు వచ్చాను.”

“అదైనా ఎలా?”

“మీరొచ్చారు. గుమ్మంలో నిలబడి, ఒక కథ పట్టుకుని, చదివితే చాలు సార్ అన్నారు. చదివాను. చాలా బాగుంది.”

“బాగాలేదన్నారు. సీరియల్లో చెయ్యి తిరిగాక చూద్దామన్నారు.”

“అన్నాను.”

“అప్పుడు బాగుందని ఒక్క మాట చెప్పి ఉంటే...”

“ఆ కథ అచ్చయ్యేది. మీరు మీ దారిన వెళ్లిపోయేవారు. నేను ఆ రైళ్ల వెంట పరిగెడుతూనే ఉండేవాణ్ణి.”

“ఆ కథ ఇప్పుడు నేను మళ్లీ రాయలేను సార్.”

“తెలుసు. కూర్చోండమ్మా. సంతకం పెట్టిన కాగితంలో ఇంకో మాట కూడా ఉంది, మీరు చదివి ఉండరు. మీ చోటికి ఇంకో మనిషిని చూపించకుండా మానేస్తే, బయట ఎక్కడా రాయకూడదు.”

“ఇంత తెలిశాక ఎవరిని చూపిస్తాను? శత్రువునైనా చూపించను.”

“నేనూ అలాగే అనుకున్నాను. అనుకుంటూనే మీ కథ చదివాను.”

“ఆ పెన్ను ఇలా ఇవ్వండి.”

“సమాప్తం కొట్టేస్తారా?”

“కాదు. ఒక అడ్రసు రాస్తాను. మా వీధిలో ఒక అమ్మాయి ఉంది. నాకు పత్రికలో పని అని తెలిసి, మొన్న ఒక కథ తెచ్చిచ్చింది.”

“ఎలా ఉంది?”

“బాగుంది సార్. ఆ పిల్లకి ఇంకా ఆ మాట చెప్పలేదు.”