పిడికెడు బియ్యం

1990. విదేశంలో, క్లేటన్ అనే ఊళ్ళో ఆరాధన అయ్యాక, చర్చి వంటగదిలో కప్పులు కడుగుతున్న ఒకామె దగ్గరికి తెలుగు పాస్టరుగారు వచ్చారు.

“ఇక్కడ యూనివర్సిటీలో చదవడానికొచ్చిన మన పిల్లల్ని మీరు చూసుకోవాలమ్మా.”

“నాకు వాక్యం చెప్పడం రాదయ్యగారూ. అమ్మానాన్న లేక మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని.”

“అక్కడ ఆదివారాలు ఎలా గడిచేవి?”

“అందరికీ ఇంటినుంచి క్యారేజీలొచ్చేవి. నేను గేటు దగ్గర కూర్చుని చూసేదాన్ని.”

“మరి మీ పక్కనున్న ఈ డబ్బాలో ఏంటమ్మా?”

“వండినప్పుడల్లా దేవుడికని తీసిన పిడికెడు బియ్యం. మన సంఘంలో అలవాటేగా! ఇక్కడ కానుకల దగ్గర పెడితే, తెల్లవాళ్ళు పెళ్ళిలో చల్లడానికనుకున్నారు.”

పాస్టరుగారు నవ్వారు. ఆమె కుళాయి కట్టేసింది.

“అయ్యగారూ, ఆ పిల్లలకి ఆదివారం అన్నం ఎవరు పెడుతున్నారు?”

“ఎవరూ లేరమ్మా. బ్రెడ్డే తింటున్నారు.”

“అయితే వచ్చే ఆదివారం మా ఇంటికి రమ్మనండి. గేటు తీసే ఉంచుతాను.”