ముందు ఎవరు ‘నువ్వు’ అనాలి

కూర్చో అమ్మాయ్. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు పొయ్యి పక్కన కూర్చో. నిన్ను ‘నువ్వు’ అంటున్నానని ఏమీ అనుకోకు. నాకు ఎనభై నాలుగేళ్లు, ఇక ఈ జన్మలో ఎవర్నీ ‘మీరు’ అనేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. మొన్న పోస్టాఫీసులో ఆ కొత్తావిణ్ణి నువ్వు అంటే మొహం ముడుచుకుంది. ముడుచుకోనీ. ఎందుకు పెట్టుకున్నానంటే... సరే, దానికి వస్తాను. ముందు ఆ నోటుపుస్తకం తియ్యి. మీ అమ్మ మేనమామ రాసిందేనా అదంతా? ఇరవై ఏడేళ్లు నా పక్కింట్లో ఉండి, రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని ఆయన గీకుతుంటే, ఏం రాస్తున్నారండీ అని నేను ఒక్కనాడూ అడగలేదు. మా గురించేనని ఊరందరికీ తెలుసు. మా జర్మేన్, అదే, మా ఆవిడ, పోయి ఆరేళ్లయింది, నేను గొంతు పెంచితే చాలు, ‘అంత అరవకు, పుస్తకంలోకి ఎక్కుతావు’ అనేది. నువ్వు ఇంగ్లీషులోంచి మా ఫ్రెంచిలోకి మార్చి చదవగలవుగా? చదువు. అక్కడో ముక్క ఇక్కడో ముక్క చాలు. ఏమిటీ, చివరి పేజీలో నా పేరుందా? అది ఆఖరికి ఉంచు.

ఊఁ. ‘వీళ్లు రొట్టెను బోర్లా పెట్టనివ్వరు, పెడితే ఇంట్లో చావు వచ్చినట్టు గగ్గోలు పెడతారు.’ మరి పెట్టకూడదు కదా! వచ్చిన మొదటి వారమే మా బల్ల మీద పెట్టారు, జర్మేన్ గుండె పట్టుకుంది. ఇంకా? ‘ఇక్కడ దుకాణంలో నమస్కారం చెప్పకుండా సరుకు అడిగితే అమ్మేవాళ్లకి చెవుడు వస్తుంది.’ హహ్హ, అది రొట్టెల సిమోన్ సంగతి. పాపం, మూడు రోజులు ఆయనకి రొట్టె పుట్టలేదు. లోపలికి వస్తూనే ‘క్షమించండి, ఒక రొట్టె’ అనేవారు. మీ వాళ్లు ఏదైనా క్షమించండితోనే మొదలెడతారటగా. సిమోన్‌కి అనుమానం. ‘ఏం తప్పు చేశాడే వీడు, రోజూ క్షమించమంటాడు?’ అని జర్మేన్‌ని అడిగింది. ఆ, చదువు. ‘లియోన్స్ గారు సూపు అయిపోవస్తుండగా అదే పళ్లెంలో ఎర్ర వైను పోసి, రెండు చేతులా ఎత్తి తాగుతారు. మొదట చూసి తాగుబోతనుకున్నాను. ఇప్పుడు నేనూ అంతే.’ చూశావా, నన్ను తాగుబోతన్నారు! పోనీలే, చివర్లో సరిదిద్దారు. మంచి మనిషి. ఆ పళ్లెం పట్టుకోవడం ఆయనకి ఎన్నాళ్లకీ చేతకాలేదు, చొక్కా అంతా మరకలే. జర్మేనే ఉతికి పెట్టేది.

మీ ఇంట్లో హెడ్లీ అంటారు కదూ. మా ఊళ్లో ఆ ‘హ’ ఎవడి నోటా పలకదు, ఎడ్లీ గారనే అన్నాం. చూశావా, పోయి ఇన్నేళ్లయినా నా నోటి నుంచి ఆ ‘గారు’ ఊడదు. ఇంతకీ, భార్య పోయాక బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి, సైకిలేసుకుని వచ్చిపడ్డారు మా వెర్లియాక్‌కి. పక్కనున్న పాడుబడ్డ ఇల్లు కొన్నారు. పైకప్పులో సగం రాతి పలకలు నేల మీదున్నాయి. నా పని కప్పులు వేయడమే కదా, మా నాన్నదీ అదే. కూలీలు వద్దండీ, మీతో పాటు నేనే పనిచేస్తానన్నారు. ఆ చేతులు చూస్తే నవ్వొచ్చింది, సుద్దముక్క తప్ప ఏదీ ఎత్తని చేతులు. అయినా ఒక వేసవంతా చేశారమ్మా. మా వాళ్లు కింద నుంచుని నవ్వేవాళ్లు. ఎందుకంటావా? కప్పు మీద మా మాటలకి. ‘ఎడ్లీ గారూ, తమరు ఆ పలక కాస్త ఇటు అందిస్తారా?’ ‘తప్పకుండా లియోన్స్ గారూ, మీ వేళ్లు జాగ్రత్త.’ కప్పు మీద ఎవడైనా అట్లా మాట్లాడతాడా? కప్పు మీద తండ్రీకొడుకులైనా బూతులే. ఒకరోజు పొద్దున మంచు పడి పలకలు తడిగా ఉన్నాయి, ఆయన కాలు జారింది. జర్రున అంచుదాకా పోయారు. ‘ఒరేయ్ ఎడ్లీ, చెయ్యి పట్టుకోరా!’ అని అరిచి, చొక్కా చెయ్యి దొరకబుచ్చుకుని లాగాను. ఇద్దరం కప్పు నడినెత్తిన కూలబడి రొప్పుతున్నాం. అప్పుడు గుర్తొచ్చింది నేనేమన్నానో. టోపీ తీసి, ‘క్షమించండి ఎడ్లీ గారూ, కంగారులో నోరు జారింది’ అన్నాను. ‘ఫరవాలేదండీ’ అని, మొహం నది వైపు తిప్పేసుకున్నారాయన. నొచ్చుకున్నారనుకున్నాను. చదువుకున్నవాడు, నాకంటే పెద్దవాడు, ఒరేయ్ అంటే నొచ్చుకోడూ? మళ్లీ నోరు జారకూడదని ఆరోజే అనుకున్నాను. జారలేదు కూడా. ఇరవై ఆరేళ్లు.

మీ భాషలో ఒకటే మాట అట కదా, రాజుకీ కుక్కకీ. ఆయనే చెప్పారు. హాయి. మాకు రెండున్నాయి, అదే తంటా. కుక్కని నువ్వంటాం, కోడిని నువ్వంటాం, తోడబుట్టినవాణ్ణీ తోడు తాగినవాణ్ణీ నువ్వంటాం. పూర్వం ప్రార్థనలో దేవుణ్ణి ‘మీరు’ అనేవాళ్లం, ఎడ్లీ గారు రావడానికి ఏడాదో రెండేళ్లో ముందు చర్చిలో అదీ మార్చేశారు, ఇక నుంచి దేవుణ్ణి కూడా నువ్వనమన్నారు. మా అమ్మకి నోరు తిరగలేదు, చచ్చేదాకా గొణుక్కుంటూ మీరనే అంది. అయితే కొత్తగా పరిచయమైనవాణ్ణి ఎప్పుడు నువ్వనాలి? దానికో పద్ధతుంది. వయసులో పెద్దవాడు ముందు అనాలి. ‘ఇక మనలో మనకి మీరేంటయ్యా’ అని ఆయన అనాలి, అప్పుడు చిన్నవాడు అందుకోవాలి. చిన్నవాడు ముందు అంటే అది పొగరు. ఎడ్లీ గారు నాకంటే నాలుగేళ్లు పెద్ద. అంటారు, ఈ పండక్కి అంటారు, ఈ ద్రాక్ష కోతలకి అంటారు అని చూశాను. మా చిన్నది పుట్టినప్పుడు రాత్రంతా నాతో మేలుకుని కూర్చున్నారమ్మా, తెల్లారి పిల్లనెత్తుకుని ‘మీకు శుభాకాంక్షలు’ అన్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషానికి కాదు. జర్మేన్ అనేది, ‘ఆయనకి మన పద్ధతి తెలియదేమో, నువ్వే చెప్పరాదూ’ అని. చెప్పి అనిపించుకుంటే అదేం ముచ్చట? ఇంగ్లీషువాళ్లకి దూరమే మర్యాద కాబోలు, మనం ఎంత చేసినా ఆయనకి పొరుగువాళ్లమే, అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకున్నానంటే... లోపల రాయిలా ఉండేది, అంతే.

తర్వాత ఆయనకి గుండెనొప్పి వచ్చింది. మీ అమ్మ ఉత్తరం రాసింది, ఒంటరిగా ఎందుకు, ఇక్కడికి వచ్చెయ్యి మామయ్యా అని. మీ అమ్మని తప్పు పట్టడం లేదు, మేనకోడలు కాబట్టి రమ్మంది. ఆ ఉత్తరం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. భోజనాల వేళ దాటింది, నేను అక్రోట్ల బుట్ట అల్లుతున్నాను. కూర్చోలేదు. టోపీ చేతిలో తిప్పుతూ, ‘లియోన్స్ గారూ, రమ్మంటున్నారు. మీరేమంటారు?’ అన్నారు. ఏమనాలి నేను? ‘వెళ్లకండి’ అని సత్రం వాడు కూడా అంటాడు. ‘వెళ్లకు’ అనాలి. ‘ఎక్కడికి పోతావురా, చచ్చేదాకా ఇక్కడే పడుండు, జర్మేన్ సూపు పోస్తుంది’ అనాలి. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అనే హక్కు నాకు ఆయన ఇవ్వలేదే! ‘తమ ఇష్టమండీ, మీ ఆరోగ్యానికి ఏది మంచిదైతే అది చెయ్యండి’ అన్నాను. ఆయన తలూపారు. టోపీ పెట్టుకున్నారు. ‘థాంక్సండీ, మీరెప్పుడూ మర్యాదస్తులు’ అన్నారు. లోపల్నుంచి జర్మేన్ గరిటె పుచ్చుకుని వచ్చింది. ‘నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా? పో, పోయి ఆపు’ అంది. నేను బుట్ట అల్లుతూనే కూర్చున్నాను. ఆ బుట్ట ఇదిగో, ఈ కట్టెలున్నదే, వంకర వచ్చింది. అక్రోట్లు రాలడం మొదలవకముందే వెళ్లిపోయారు. ఫిబ్రవరిలో మీ అమ్మ నుంచి కార్డు వచ్చింది. ఎక్కడో సముద్రం ఒడ్డున, ఏదో వృద్ధాశ్రమంలో, ఆయన సూపులో వైను పోసుకుంటే విడ్డూరంగా చూసేవాళ్ల మధ్య పోయారు. ఎవరూ పక్కన లేరట ఆ పొద్దున. నేనుంటే... ఏం చేసేవాణ్ణి, చెయ్యి పట్టుకునేవాణ్ణి, ఇంకేముంది. అప్పట్నుంచే ఆ ఒట్టు. ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

సరే, తియ్యి ఆ చివరి పేజీ. మెల్లిగా చదువు, నాకు కుడి చెవి సరిగా వినపడదు. ఊఁ. ‘ఈ ఊళ్లో కుక్కని నువ్వంటారు, కోడిని నువ్వంటారు, దేవుణ్ణి కూడా నువ్వంటారు. నన్ను మీరంటారు.’ ఊఁ. ‘నేను వచ్చినవాణ్ణి. వచ్చినవాడు ఎలా చొరవ చేస్తాడు? ఇంటివాళ్లే ముందు అనాలి, వాళ్లు అనేదాకా ఆగాలి. ఇరవై ఏడేళ్లు ఆగాను.’ ఏమిటీ? ఎవరు ముందు అనాలని రాశారు? ఇంటివాళ్లా? సరిగా చూడు. ఇంటివాళ్లే అనా? ... సరే, చదువు. ‘లియోన్స్ ఒక్కసారి అన్నాడు, కప్పు మీంచి నేను జారుతుంటే. ఈ ఊళ్లో నేను అంత సంతోషపడిన రోజు లేదు. మరుక్షణమే క్షమించమన్నాడు. మళ్లీ ఒకసారి జారితే బాగుండునని ఆ నిచ్చెన వైపు ఎన్నిసార్లు చూశానో. రేపే ప్రయాణం. అతను వద్దనలేదు.’

గారు లేదే. లియోన్స్ అనే రాశాడా? ఉత్త లియోన్స్? ఏదీ, ఎక్కడ, వేలు పెట్టి చూపించు. నాకు ఇంగ్లీషు చదవడం రాకపోతేనేం, నా పేరు నేను పోల్చుకోగలను. ... మళ్లీ చదువు. అది కాదు, ఆ నిచ్చెన ముక్క.

ఒరేయ్ ఎడ్లీ. వెర్రి వెధవా. పెద్దవాడివిరా నువ్వు. నాలుగేళ్లు పెద్దవాడివి. నువ్వు కదరా ముందు అనాల్సింది...

అమ్మాయ్, ఆ గిన్నె పొంగుతున్నట్టుంది, లేచి మూత తియ్యి.